ముక్కు మాస్టారు పారేసిన ప్లేటు

ల్యాబులో ఆయన్ని అందరూ ముక్కు మాస్టారు అనేవాళ్ళు. ముక్కు పెద్దదని కాదు. నిజానికి ఆ మొహంలో కాస్త చిన్నగా ఉన్నది ముక్కొక్కటే. కానీ ఆ చిన్న ముక్కు చేసే పని పెద్ద పెద్ద పుస్తకాలు చదివినవాళ్ళ వల్ల కూడా అయ్యేది కాదు. జబ్బు మనిషి రక్తమో, చీమో, కఫమో తెచ్చి ప్లేటు మీద గీసి, ఒక పూటంతా వెచ్చటి పెట్టెలో ఉంచితే, అందులో ఉన్న క్రిములు మర్నాటికి చుక్కలు చుక్కలుగా మొలుస్తాయి. ఆ చుక్కల పేరేమిటో తేల్చి వార్డుకి చెప్పడమే ఆ ల్యాబు పని. మాస్టారు పొద్దున్నే వచ్చి, ప్లేటు మూత అరంగుళం ఎత్తి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని "ద్రాక్షపళ్ళు" అనేవారు. అంతే. మిగతావాళ్ళు గొట్టాల్లో చక్కెర నీళ్ళు పోసి, రంగు మారుతుందా లేదా అని రెండు రోజులు పడిగాపులు కాసి, ఆఖరికి తేల్చేది కూడా ఆ ద్రాక్షపళ్ళ వాసన వేసే క్రిమి పేరే.

ఇంట్లో మాత్రం ఆ ముక్కుకి బొత్తిగా మర్యాద లేదు. పొయ్యి మీద పాలు పొంగి, మాడి, గిన్నె నల్లబడి, వీధి చివరిదాకా వాసన కొడుతున్నా, పక్కనే పేపరు చదువుకుంటున్న ఈయనకి తెలిసేది కాదు. "ల్యాబులో ఉన్న ముక్కు ఇంటికి తెచ్చుకోరా? అక్కడే అలమారలో పెట్టి తాళం వేసి వస్తారా?" అని భార్య దెప్పేది. ఆయన నవ్వేసి ఊరుకునేవారు. బయట అంత పేరున్న మనిషికి ఇంట్లో నాలుగు మాటలు పడటం ఒక లెక్కా!

ఆ ల్యాబుకి ఒక వంటగది ఉండేది. మనుషుల కోసం కాదు, క్రిముల కోసం. క్రిములు మొలవాలంటే వాటికి ఇష్టమైన తిండి కావాలి కదా. సముద్రపు నాచు పొడి, మాంసం రసం, కొన్నిటికి రక్తం కలిపి కాచి, చల్లారీ చల్లారకముందే ప్లేట్లలో పోయాలి. వేడి ఎక్కువైతే రక్తం మాడి గోధుమరంగుకి తిరుగుతుంది, తక్కువైతే పోస్తుండగానే గడ్డ కడుతుంది. ఆ వంట చేసేది ఒకావిడ. అందరూ వంటమ్మ అనేవాళ్ళు. రోజుకి రెండు వందల ప్లేట్లు పోసేది. కొలత గిన్నె పట్టుకోగా ఎవరూ చూడలేదు. కుడిచెయ్యి మణికట్టు ఒక్కసారి వంచితే చాలు, ఏ ప్లేటు చూసినా ఒకటే మందం, ఒక్క బుడగ ఉండేది కాదు. బుడగ కనబడిందా, "ఛీ, పాడు చెయ్యి" అని తన చేతిని తనే కొట్టుకునేది.

ఆమె పనిలో చేరిన మొదటి రోజు వణుకుతూ వచ్చి, "సార్, ఈ ప్లేట్లు ఎక్కడ పెట్టమంటారు?" అని అడిగింది. అప్పటికి మాస్టారు కూడా కొత్తవాడే, చేరి రెండేళ్ళయింది. "సారేమిటమ్మా, ఇక్కడ సార్లు మేడ మీద ఉంటారు. నన్ను అన్నయ్యా అను చాలు" అన్నారు. ఆ మాట అలా ఉండిపోయింది. ఆయన భార్య పురిటికి ఆసుపత్రిలో ఉన్న పది రోజులూ వంటమ్మ తన ఇంటి నుంచి క్యారియర్ మోసుకొచ్చింది. ఆమె భర్త పోయినప్పుడు అన్నీ దగ్గరుండి జరిపించింది ఈయనే. పది గంటలకి ఇద్దరూ బయట మెట్ల మీద కూర్చుని టీ తాగేవాళ్ళు. "నేను మేపి బలిసేలా చేస్తే, వాటిని పట్టుకుని నువ్వు పేరు కొట్టేస్తున్నావు అన్నయ్యా!" అని ఆమె రోజూ అనేది. "వడ్డించేవాళ్ళ పేరు ఎవరు చెప్పుకుంటారే పిచ్చిదానా!" అని ఈయన రోజూ జవాబిచ్చేవారు.

ఇలా ముప్పై ఏళ్ళు దాటాక మిషను వచ్చింది.

మంచి ఎత్తున్న బీరువా అంత ఉంటుంది. స్టీలు పలక మీద పుల్లతో క్రిమిని చుక్కలా రాసి, దాని మీద ఒక మందు బొట్టు వేసి లోపల పెడితే, లేజరు కాంతితో దాన్ని చెదరగొట్టి, అందులోని మాంసకృత్తులు ఎంతెంత బరువున్నాయో కొలిచి, పది నిమిషాల్లో తెర మీద పేరు చూపిస్తుంది. రెండు రోజుల పని పది నిమిషాల్లో! మిషనుతో పాటు దాన్ని నడపడం నేర్చుకున్న ఒక అమ్మాయి కూడా ఉద్యోగంలో చేరింది. తెర ముందు నుంచి కదలదని మాస్టారు ఆమెకి తెరపిల్ల అని పేరు పెట్టారు. ఆ పిల్ల నవ్వేసింది తప్ప ఏమీ అనుకోలేదు.

మిషనుతో పాటు కొత్త కట్టుబాట్లూ వచ్చాయి. వచ్చే సీసాల మీద పేషెంటు పేరుండదు, గీతల స్టిక్కరు మాత్రమే ఉంటుంది. పేరు కావాలంటే కంప్యూటర్లో నొక్కి చూసుకోవాలి. తయారు ప్లేట్లు కంపెనీ నుంచి అట్టపెట్టెల్లో దిగసాగాయి, వంటమ్మ వంట సగానికి సగం పడిపోయింది. అన్నిటికీ మించి గోడ మీద ఒక కాగితం వెలిసింది: 'ప్లేట్లను వాసన చూడరాదు'. ప్రమాదమట. క్రిములు ముక్కులో దూరతాయట. కాగితం అంటించింది ల్యాబు పెద్ద డాక్టరమ్మ. మాటలో తప్పేమీ లేదు, ఆ మాట ఆమె మాస్టారితో ఏనాడో నెమ్మదిగా చెప్పింది కూడా. అయినా ఆ కాగితం చూసిన పూట ఆయనకి తల కొట్టేసినట్టయింది.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక, ల్యాబువాళ్ళంతా సరదాకి పందెం పెట్టారు. పది ప్లేట్లు. ముక్కుతో కాకపోయినా కంటితో చూసి మాస్టారు చెప్పాలి, తర్వాత మిషను చెప్పాలి. తొమ్మిది ప్లేట్లకి ఇద్దరి మాటా ఒక్కటే అయింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది తెరపిల్లే. పదో ప్లేటుకి ఆయన ఒక పేరు చెప్పారు, మిషను వేరే పేరు చెప్పింది. "దానికేం తెలుసు, నిన్నగాక మొన్న వచ్చింది!" అన్నారు ఆయన. పెద్ద డాక్టరమ్మ పాత పద్ధతిలో మూడు రోజులు పరీక్షించి తేల్చింది. మిషనుదే నిజం. ఆయన "సరేలెండి, పదిలో ఒకటి" అని నవ్వారు. ఆ నవ్వు చూసి వంటమ్మ ఒక్కతే, "అన్నయ్యా, టీ తాగుదాం రా" అని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్ళింది.

ఇక ఆ రోజు నుంచి ఆయన కుందేలుకి మూడే కాళ్ళు. తెరపిల్ల ఏదైనా మిషను మీద పెడతానంటే, "కళ్ళున్నవాళ్ళకి కర్రెందుకమ్మా?" అనేవారు. పెద్ద పెద్ద కేసులు ఎలాగూ మిషనుకే వెళ్ళేవి. చిన్నాచితకా వాటిలో మాత్రం తన మాటే చెల్లాలని పట్టుబట్టేవారు. పెద్దాయన కదా అని ఎవరూ ఎదురు చెప్పేవాళ్ళు కాదు. అక్కడే కొంప మునిగింది.

ఆ సోమవారం వంటమ్మ సెలవులో ఉంది. శనివారం నుంచే ఒళ్ళు కాలుతోందనీ తల పగిలిపోతోందనీ ఆదివారం పొద్దున్నే ఫోను చేసి చెప్పింది. అప్పటికే ఏడాదిగా కీళ్ళ నొప్పులకి బలమైన మాత్రలు వాడుతోంది, ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తిని తగ్గించే రకం మాత్రలు. "పడుకోవే, రెండు రోజుల్లో అదే తగ్గుతుంది" అన్నారు మాస్టారు.

ఆ పొద్దున పదకొండు గంటలకి రక్తం సీసాల పెట్టె కూసింది. రక్తం పోసిన సీసాలో ఏదైనా క్రిమి పెరిగితే ఆ పెట్టె కూస్తుంది. కూసిన సీసాలోంచి చుక్క తీసి, గాజు పలక మీద రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూసి, వెంటనే వార్డుకి ఫోను చెయ్యాలి. అది ఎప్పటినుంచో ఉన్న నియమం. మాస్టారు చూశారు. ఊదారంగు కడ్డీలు, అక్కడక్కడా పొట్టివి. జంట సీసాల్లో ఒక్కటే కూసింది. ఇలాంటి కడ్డీలు మనుషుల చర్మం మీద ఊరికే బతుకుతుంటాయి. సూది గుచ్చేటప్పుడు రక్తంతో పాటు సీసాలో పడతాయి. వాటివల్ల జబ్బు రాదు, రిపోర్టులో 'చర్మపు క్రిమి' అని రాసి వదిలేస్తారు. ఆయన జీవితంలో అలాంటివి వేలు చూశారు.

వార్డుకి ఫోను చేశారు. అవతల డ్యూటీ డాక్టరు, కుర్రవాడు.

"మాస్టారూ, ఈ పేషెంటుకి జ్వరం దిగట్లేదండీ. మాట కూడా కాస్త తడబడుతోంది. అది నిజంగా చెత్తేనంటారా?"

"నా సర్వీసులో ఇలాంటివి బస్తాలకి బస్తాలు చూశాను బాబూ. సూది పెట్టేముందు మీవాళ్ళని చర్మం సరిగ్గా తుడవమని చెప్పండి చాలు."

"అలాగేనండీ. మీరన్నారంటే ఇక తిరుగేముంది!"

స్టిక్కరు మీది నంబరు రాసుకున్నారు. పేరు చూసుకోలేదు. చెత్తకి పేరెందుకు?

మంగళవారం పొద్దున, ముందురోజు గీసిన ప్లేటు మీద సన్నటి బూడిదరంగు చుక్కలు లేచాయి. తెరపిల్ల వెనక నిలబడి చూసింది.

"సార్, ఒక్క చుక్క మిషను మీద పెట్టనా? పది నిమిషాలే."

"చర్మం మీది చెత్తకి కూడా మిషనా? రేపు చీపురుకట్ట కూడా పెడతావా ఏమిటి?"

"కాదు సార్, చుక్కల చుట్టూ రక్తం కొంచెం పలచబడినట్టుంది. వెలుతురులో పెట్టి చూడండి..."

"అమ్మాయ్, నువ్వు పుట్టకముందు నుంచీ ఇవి చూస్తున్నాను" అన్నారు. అంటూనే ప్లేటు తీసి ఎర్ర డబ్బాలో పడేశారు. సాయంత్రం ఆ డబ్బాలో ఉన్నవన్నీ ఆవిరి పొయ్యిలో ఉడికిపోతాయి. ఆ అమ్మాయి మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది.

ఇక్కడొక మాట చెప్పాలి. ఎవరూ మిషనుని నమ్మక్కర్లేదు, ఆయన తన పాత విద్యనే నమ్మి ఉంటే చాలేది. చర్మం మీది కడ్డీల్లాగే కనబడే దొంగ క్రిమి ఒకటుంది, లిస్టీరియా అంటారు. దాన్ని ఒక నీటిచుక్కలో వేలాడదీసి మైక్రోస్కోపు కింద పెడితే, గిర్రున పిల్లిమొగ్గలు వేస్తుంది. చర్మం మీదివి వెయ్యవు. ఐదు నిమిషాల పని. ఎంతమంది విద్యార్థులకి ఆయనే నేర్పారు దాన్ని! "పిల్లిమొగ్గలు వేసేవాణ్ణి మాత్రం వదలొద్దురా, వాడు మెదడుకెక్కుతాడు" అని నవ్విస్తూ చెప్పేవారు. ఆ రోజు ఆయన మిషను మీదా పెట్టలేదు, నీటిచుక్కలోనూ వెయ్యలేదు. తన మాటే చెల్లాలన్న పంతంలో తన విద్యని కూడా మర్చిపోయారు.

సాయంత్రం నాలుగింటికి రెండో సీసా కూసింది. రెండు సీసాల్లోనూ పెరిగిందంటే అది సూదితో పాటు పడిన చెత్త కాదు, రక్తంలో ఉన్నదే. మాస్టారు టీకి వెళ్ళారు. తెరపిల్ల ఇంకెవరినీ అడగలేదు. తొడుగులు వేసుకుని, ఎర్ర డబ్బాలో చెయ్యి పెట్టి, పొద్దుటి ప్లేటు వెతికి తీసింది. పుల్లతో చుక్క పెట్టింది. మాస్టారు తిరిగి వచ్చేసరికి తెర మీద పేరు ఆకుపచ్చటి అక్షరాల్లో వెలుగుతోంది. ఆ అమ్మాయి వార్డుతో ఫోనులో ఉంది.

"అవును డాక్టర్, లిస్టీరియా. ఇప్పుడిస్తున్న ఇంజెక్షను దాని మీద పనిచెయ్యదు కదా... ఏమిటి? ఎప్పటి నుంచి స్పృహ లేదు?" ఆ తర్వాత ఆమె గొంతు సన్నబడింది. "ఎవరూ? మా... మా వంటమ్మా?"

మాస్టారు నిన్న రాసుకున్న నంబరు కంప్యూటర్లో నొక్కి చూశారు. ఆమె పేరే వచ్చింది.

నిన్న పదకొండు నుంచి ఈ సాయంత్రం నాలుగున్నర దాకా. ఇరవై తొమ్మిదిన్నర గంటలు. అన్ని గంటలూ జ్వరాలన్నిటికీ ఇచ్చే పెద్ద ఇంజెక్షనే ఆమెకీ ఎక్కించారు. ఆ క్రిమికి అది నీళ్ళతో సమానం. దానికి మందు ఉన్నది, ఎప్పటిదో పాత మందు, పెన్సిలిన్ జాతిది. అలమారలోనే ఉన్నది. ఇయ్యమని ల్యాబు చెప్పాలి, అంతే. ల్యాబు చెత్త అని చెప్పింది.

ఆయన పరుగెత్తారు. ఆ వయసులో మూడంతస్తులు ఎక్కేసరికి ఊపిరి అందలేదు. మంచం మీద వంటమ్మ నోరు తెరుచుకుని పడి ఉంది, చేతికి కొత్త మందు ఎక్కుతోంది. పక్కన ఆమె కొడుకు లేచి నిలబడి, "మావయ్యా, వచ్చావా! ఆదివారం మధ్యాహ్నమే ఇక్కడ చేర్చాను, కంగారులో నీకు ఫోను చెయ్యలేకపోయాను. ఏదో పురుగట, మీవాళ్ళు పట్టుకున్నారటగా. ఇక భయం లేదన్నారు" అని ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. ఆయన వాడి వీపు నిమిరి కూర్చోబెట్టారు.

తొమ్మిది రోజులకి ఆమె కళ్ళు తెరిచింది. ప్రాణం దక్కింది. మాట తిరిగి వచ్చింది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. భుజం కదిలేది, మోచెయ్యి కాస్త వంగేది. మణికట్టు నుంచి కిందికి ఆమెది కాకుండా పోయింది. ఒక్కరోజు ముందు మందు పడి ఉంటే చెయ్యి నిలిచేదా అని మాస్టారు వార్డు పెద్ద డాక్టరుని అడిగారు. "నిలిచేదేమో. ఏమో, అప్పటికే దెబ్బ తగిలి ఉన్నా ఉండవచ్చు. ఎవరం చెప్పగలం?" అన్నాడాయన. ఆ మొదటి 'ఏమో' మాస్టారి చెవిలో ఉండిపోయింది. రెండోది ఆయన ఎన్నడూ నమ్మలేదు.

కళ్ళు తెరిచాక వంటమ్మ అన్న మొదటి పొడుగాటి మాట ఇది: "నీ చేతిలో పడ్డాను కాబట్టి బతికాను అన్నయ్యా. ఇంకెవరి చేతిలో పడినా ఈపాటికి నా ఫొటోకి దండ పడేది."

అప్పుడే చెప్పాలి. "కాదే, పొరపాటు చేసింది నేనే" అనాలి. ఆమె ఇంకా నీరసంగా ఉంది, రేపు చెబుదాం అనుకున్నారు. రేపు కొడుకున్నాడని చెప్పలేదు. ఎల్లుండి ఆమె నవ్వుతోందని చెప్పలేదు. అనుకుంటే సాకులకి కొదవా?

పెద్ద డాక్టరమ్మ ఆయన్ని గదిలోకి పిలిచి తలుపు వేసింది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదని ఆయనకి తర్వాత అనిపించింది. "రిపోర్టు ఆలస్యమైందని వాళ్ళబ్బాయికి చెప్పాను. ఎందుకు ఆలస్యమైందో ఆ అబ్బాయి అడగలేదు. అడిగితే దాచను. మీరు ఆమెకి చెప్పాల్సిందేదో మీరే చూసుకోండి" అంది. మర్నాడు గోడ మీద ఇంకో కాగితం వెలిసింది: 'రక్తం సీసాలో ఏది పెరిగినా, మినహాయింపు లేకుండా, మిషను మీద పెట్టవలెను'. ఎవరి పేరూ లేదు. కొత్తగా చేరినవాళ్ళకి అది మామూలు నియమం. ఆయన మాత్రం రోజూ చెప్పులు విప్పుతూ చదివేవారు.

భార్యకి చెప్పారు. ఆవిడ కూర తరుగుతున్నదల్లా కత్తిపీట పక్కన పెట్టేసింది.

"చెప్పేస్తాను దానికి" అన్నారు ఆయన.

"చెబితే చెయ్యి తిరిగొస్తుందా?"

"రాదు."

"మరి మీ గుండెల మీది బరువు తీసుకెళ్ళి ఆ పిచ్చిదాని నెత్తిన పెడతారా? అన్నయ్య, అన్నయ్య అంటూ బతుకుతోంది. ఆ ఒక్కటైనా మిగలనివ్వండి."

ఆ మాటలో నిజముంది. ఆయనకి ఆ నిజం కాస్త హాయిగా కూడా అనిపించింది. దాని నీడన రెండేళ్ళు గడిపేశారు.

వంటమ్మ తిరిగి పనిలోకి వచ్చింది. వంట పని లేదు, ఉన్నా చెయ్యలేదు. తయారు ప్లేట్ల పెట్టెలు విప్పి, తేదీలు చూసి, ఎడంచేత్తో స్టిక్కర్లు అంటించే పని ఇచ్చారు. అదే పాత వంటగదిలో, చల్లబడిపోయిన పొయ్యి పక్కన స్టూలు వేసుకుని కూర్చునేది. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకునేది. కంపెనీ ప్లేటులో ఎక్కడైనా బుడగ కనబడితే, "చూడు అన్నయ్యా, వీళ్ళకి చెయ్యి లేదు" అనేది. అని నవ్వేది. ఆయనా నవ్వి, ఆ ప్లేటు తీసి పక్కన పెట్టేసేవారు.

అంతటితో ఊరుకుందా? కనబడిన ప్రతివాడికీ చెప్పేది. "మిషన్లెన్ని వస్తే ఏం? నన్ను బతికించింది మా అన్నయ్య ముక్కు!" అక్కడే నిలబడిన తెరపిల్ల తల దించుకుని గ్లవ్సు సర్దుకునేది. ఒక్కసారి కూడా నోరు విప్పి, 'పట్టింది నేను' అనలేదు. ఆ పిల్ల మౌనం ఆయన్ని ఇంకా కాల్చేది. పరాయి బిడ్డ మంచితనాన్ని రెండేళ్ళుగా తను కట్టుకు తిరుగుతున్నారు. ఆ రెండేళ్ళలో ఆయన ఒక్క ప్లేటు కూడా మిషను మీద పెట్టకుండా పంపలేదు. నీటిచుక్క కూడా వేసి చూసుకునేవారు. చేతులు కాలాక పట్టుకున్న ఆకులు, అయినా పట్టుకున్నారు.

రిటైర్మెంటు రోజు వచ్చింది. పూలదండ, శాలువా, గోడ గడియారం. ఆసుపత్రిలో సగం మంది వచ్చారు. ఒక్కొక్కరే లేచి పొగిడారు. ఆఖర్న వంటమ్మ లేచింది. ఎడంచేత్తో మైకు పట్టుకుని అదే మాట అంది. "ఈ ప్రాణం అన్నయ్య పెట్టిన భిక్ష. పొయ్యి ముందు ముప్పై ఏళ్ళు నిలబడ్డందుకు ఆయన తీర్చిన రుణం." అని ఏడ్చింది. అందరూ కళ్ళు తుడుచుకున్నారు.

మాస్టారు లేచారు. "ఆ రోజు క్రిమిని పట్టింది నేను కాదు. ఈ అమ్మాయి" అని తెరపిల్లని చూపించారు. "నేను దాన్ని చెత్తబుట్టలో పడేశాను. ఈ అమ్మాయి తీసింది."

వెనక నుంచి ఎవరో, "ఎంత పెద్ద మనసండీ మాస్టారిది! పోతూ పోతూ పేరు కూడా కుర్రవాళ్ళకి ఇచ్చేస్తున్నారు" అన్నారు. హాలంతా చప్పట్లు. వంటమ్మ కుడిచేతి మీద ఎడంచేత్తో తడుతూ చప్పట్లు కొట్టింది. ఏం చెప్పమంటారు! రెండేళ్ళకి మొదటిసారి పదిమందిలో నిజం చెబితే దానికీ దండే పడింది.

జనం ఫలహారాల దగ్గరికి వెళ్ళాక ఆయన వంటగదిలోకి వెళ్ళారు. వంటమ్మ అప్పటికే స్టూలు మీద కూర్చుని, మిగిలిన స్టిక్కర్లు అంటిస్తోంది.

"నువ్వు లోపలికెందుకొచ్చావు అన్నయ్యా? అందరూ నీ కోసం చూస్తుంటారు."

"ఇందాక నేనన్నది గొప్పకి కాదు" అన్నారు ఆయన. నిలబడే చెప్పారు. సోమవారం పదకొండు గంటల దగ్గర మొదలుపెట్టి అన్నీ చెప్పారు. డ్యూటీ డాక్టరు అడగడం, తను బస్తాలకి బస్తాలు చూశాననడం, మంగళవారం పొద్దున ఆ పిల్ల బతిమాలడం, ఎర్ర డబ్బా, ఇరవై తొమ్మిదిన్నర గంటలు. 'ఏమో' అన్న మాటని కూడా దాచలేదు. "నీ చెయ్యి నేనే పోగొట్టానే" అన్నారు. అని ఏడ్చారు, పిల్లాడిలా ముక్కు ఎగబీలుస్తూ.

వంటమ్మ స్టిక్కరు అంటించడం ఆపింది. చాలాసేపు తన కుడిచేతిని చూసుకుంది.

"ఆ సీసా నాదని తెలియదా నీకు?"

"తెలియదు. స్టిక్కరే ఉంది. పేరు చూడలేదు."

"నాదని తెలిస్తే చూసేవాడివా?"

ఆ ప్రశ్న ఆయన తనని తను రెండేళ్ళుగా అడుగుతున్నదే. అబద్ధం చెప్పడానికి ఇంక ఓపిక లేదు.

"చూసేవాణ్ణి. పదిసార్లు చూసేవాణ్ణి. నీటిచుక్కలో వేసి, మిషను మీద పెట్టి, డాక్టరమ్మని పిలిచి..."

"ఊఁ" అంది ఆమె. "నేను పోసిన ప్లేట్లు ఎన్ని లక్షలు ఉంటాయో. ఒక్కటీ ఎవరిదని అడిగి పొయ్యలేదు. ఇది మనవాళ్ళది, బుడగ లేకుండా పోద్దాం, అది ఎవరిదో, ఎలా ఉంటే ఏం అని అనుకోలేదు."

ఆమె గొంతు పెంచలేదు. కోపం కూడా కనబడలేదు. ఆయన ఏదన్నా తిడుతుందేమో, కొడుతుందేమో, కనీసం ఏడుస్తుందేమో అని నిలబడే ఉన్నారు. ఆమె ఎడంచేత్తో ఇంకో స్టిక్కరు తీసి, పెట్టె మీద పెట్టి, బొటనవేలితో అంచులు నొక్కింది.

"బయట మీ కోసం ఎదురుచూస్తుంటారు" అంది, తలెత్తకుండా. "మీరు వెళ్ళండి సార్."

మొదటి రోజు తర్వాత ఆమె నోట ఆ పిలుపు వినడం ఆయనకి అదే మొదటిసారి. గుమ్మం దగ్గర ఒకసారి ఆగారు. లోపల మరో పెట్టె విప్పిన చప్పుడు వినబడింది. ఆయన తలుపు దగ్గరగా వేసి, మెడలో దండ తీసి చేత్తో పట్టుకుని, హాలు వైపు నడిచారు.